పాత వ్యాసాల్లో "పాపం" అన్న మాట తీసెయ్యాలా, అలాగే ఉంచాలా?

కాలవగట్టు:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదవుతుంది, ఓపిక చేసుకుని చదవండి, నాకు నిజంగా సలహా కావాలి.

1986 నుంచి 1996 దాకా పెళ్ళి చేసుకోకుండా ఉద్యోగాలు చేసుకుంటున్న ఆడవాళ్ళ మీద పదకొండు వ్యాసాలు రాశాను. ఎక్కువ వారపత్రికల్లో, ఒకట్రెండు మాసపత్రికల్లో వచ్చాయి. టెలిఫోన్ ఆపరేటర్లు, గవర్నమెంటాస్పత్రి నర్సులు, ఎయిడెడ్ స్కూలు టీచర్లు, ఒక బ్యాంకు క్లర్కు, కోర్టు ఎదురుగా టైపు మిషను పెట్టుకుని కాగితాలు కొట్టిపెట్టే ఒకావిడ, ఇలా. నేను అప్పుడు విజయవాడలో వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో ఉండేదాన్ని, వీళ్ళలో సగం మంది మా హాస్టలు వాళ్ళూ వాళ్ళ స్నేహితులూను. ఇప్పుడు తెలిసినవాళ్ళు పుస్తకం వేస్తామంటే సరేనన్నా. డీటీపీ అయిపోయి ప్రూఫులు కూడా ఇంటికొచ్చాయి, పది రోజుల్నుంచి పెన్ను పట్టుకుని కూచుంటున్నాను కానీ ఒక్క పేజీ కూడా దిద్ది తిరిగి పంపలేకపోయాను.

ఎందుకంటే చాలా వ్యాసాల్లో ఎక్కడో ఒకచోట "పాపం" కనిపిస్తోంది. "త్యాగమూర్తి" ఉంది. ఒకదాని పేరే "మోడులు". తమ్ముళ్ళ చదువులకీ చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకీ కరిగిపోయిన కొవ్వొత్తులు అని రాశాను, ఆ కొవ్వొత్తి మూడు వ్యాసాల్లో ఉంది. చివర్న ప్రతిదానికీ ఒక ఆశ తగిలించాను, ఈమె జీవితంలో కూడా ఒక తోడు దొరకాలని కోరుకుందాం అని. వాళ్ళెవరూ ఆ మాట నాతో అనలేదు.

ఇంత బాధగా ఎందుకుందో ఒక ఉదాహరణ చెప్తాను. నర్సు మీద రాసిన వ్యాసంలో ఒక వాక్యం: "రాత్రంతా రోగుల మూలుగుల మధ్య గడిపి, తెల్లారి పలకరించే దిక్కులేని గదికి చేరుకుంటుంది, పాపం." మొన్న అటక మీద నుంచి పాత నోటుపుస్తకాలు దింపించాను, ఆవిడతో మాట్లాడిన రోజు రాసుకున్న కాగితం దొరికింది. అందులో ఆవిడ మాటలు ఇలా ఉన్నాయి: "నైట్ డ్యూటీ దిగి ఎనిమిదింటికి గదికొచ్చి తలుపేసుకుంటే రెండింటి దాకా నన్ను లేపేవాళ్ళుండరు. మా అక్కకి పెళ్ళయ్యాక ఒక్కరోజన్నా ఇంత నిద్ర లేదు."

అదే గది, అదే తలుపు, అవే గంటలు. ఆవిడ సుఖం చెప్పుకుంటే నేను దాన్ని దుఃఖం కింద రాసి అచ్చేయించాను. ఈ సంగతి తెలిశాక నాకు నిద్ర పట్టట్లేదంటే నమ్మండి.

అడిగేది ఏంటంటే, ఈ మాటలన్నీ తీసేసి తిరగరాయనా? ఉన్నది ఉన్నట్టు వేసి ముందుమాటలో ఒప్పుకోనా? అసలు పుస్తకమే వద్దందామా? ఇంకొకటి, టైపిస్టు మీద 1989లో రాసిన దాంట్లో "చట్టం ప్రకారం కూడా తండ్రి ఆస్తి అన్నదమ్ములదే కనుక ఆమె అడగలేదు" అని ఒక ముక్క ఉంది, ఇప్పుడు చట్టం మారింది కదా, అక్కడ ఏం చెయ్యాలి?

గ్యాలీప్రూఫు:

మేడమ్ నమస్తే. ఇరవై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దే పని చేశాను, ఆ అనుభవంతో చెప్తున్నా, దయచేసి తిరగరాయకండి. అచ్చుతప్పులు దిద్దండి, పాత అక్షరక్రమం కావాలంటే సరిచేయండి, వాక్యం జోలికి మాత్రం వెళ్ళొద్దు. 1989 తేదీ కింద 2025 బుద్ధితో వాక్యం పెడితే అది పాఠకుణ్ణి మోసం చేయడమే, మీకు ఆ ఉద్దేశం లేకపోయినా. ఆ రోజుల్లో ఇంగితం ఉన్న రచయిత్రి కూడా ఇలాగే రాసింది అన్నది కూడా ఒక సాక్ష్యమే కదండీ, దాన్ని చెరిపేస్తే ఆ కాలం మంచిదన్నట్టు కనిపిస్తుంది.

ఇంకో మాట. మీ దగ్గరున్నవి రాతప్రతులా, అచ్చయిన కటింగులా? నేను పనిచేసిన చోట్ల డెస్కులో వాళ్ళు, అంటే పత్రికాఫీసులో రచనలు సరిచేసేవాళ్ళు, శీర్షిక మార్చడం, ఆఖరి పేరా రాసి అతికించడం మామూలే. "మోడులు" అన్న పేరు మీరే పెట్టారా, డెస్కు పెట్టిందా? గుర్తులేకపోతే అచ్చు ప్రతి చూడాల్సిందే. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918 నాటి గ్రంథాలయం, పాత పత్రికలు దాచిపెట్టిన చోట్లు అవి. వెళ్ళేముందు ఫోన్ చేసి మీ పత్రిక, ఆ సంవత్సరం ఉన్నాయో లేదో అడిగి వెళ్ళండి. చూశాక ప్రతి వ్యాసం కింద పత్రిక పేరు, తేదీ వేయండి. కొత్తగా చెప్పదలచుకున్నది ఆ వ్యాసం వెనకే, వేరే టైపు సైజులో, ఇవాళ్టి తేదీతో. ముందుమాటలో ఒక్కచోటే ఒప్పేసుకుంటే జనం ముందుమాట దాటేసి వ్యాసంలోకి పోతారు, అప్పుడు "పాపం" ఒక్కటే మిగుల్తుంది.

ట్రంక్‌బుకింగ్:

నేను 1978 నుంచి 2009 వరకు ఆపరేటరుగా చేశాను అమ్మా, పెళ్ళి చేసుకోలేదు. కాబట్టి మీ వ్యాసాల్లో మనిషిని నేను అనుకోండి.

తమ్ముడి చదువు కోసం జీతం ఇచ్చిన మాట నిజమే, అబద్ధం చెప్పను. కానీ అదొక్కటే కాదుగా. మా ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో, అంటే వేరే ఊళ్ళకి ఫోన్లు కలిపేచోట, ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని కాల్స్ బుక్ చేసేవాళ్ళం, దసరా సంక్రాంతి అప్పుడు బోర్డు మీద దీపాలు ఆరేవి కావు, పీపీ కాల్ అంటే పక్కింట్లో ఫోనుంటే ఫలానావాళ్ళని పిలుచుకొచ్చి మాట్లాడించాలి, చావు కబుర్లూ మనమే కలపాలి, పుట్టిన కబుర్లూ మనమే. ఒక రాత్రి తుఫానప్పుడు లైన్లు పడిపోతుంటే ఉన్న ఒక్క లైను మీద తెల్లారేదాకా కూచున్నా. నేను కూచున్నది మా తమ్ముడి ఫీజు కోసం కాదమ్మా, ఆ పని నాకొచ్చు, బాగా వచ్చు. ఊళ్ళో ఏ నంబరెవరిదో డైరెక్టరీ చూడకుండా చెప్పేదాన్ని. తర్వాత ఆపరేటరు అక్కర్లేకుండా నేరుగా వేరే ఊరికి డయల్ చేసుకునే ఎస్టీడీ వచ్చింది, ఎస్టీడీ బూత్‌లు వీధివీధికీ వచ్చాయి, మా బోర్డులు ఒక్కొక్కటీ తీసేశారు, నేను ఏడ్చింది ఆ రోజు. పెళ్ళి కానందుకు ఎప్పుడూ ఏడవలేదు. ఈ ఏడుపు గురించి ఏ పత్రికవాళ్ళూ అడగలేదు, వచ్చిన ప్రతివాళ్ళూ పెళ్ళెందుకు చేసుకోలేదనే అడిగారు.

మా డ్యూటీలో ఉన్న పెళ్ళికాని వాళ్ళని అందర్నీ ఒకే గాటన కట్టకండి కూడా. ఒకామె కట్నం ఇవ్వలేక ఆగిపోయింది, బాధపడేది. ఒకామెకి ఒకరు నచ్చారు, ఇంట్లో ఒప్పుకోలేదు, ఇంకెవర్నీ చేసుకోనంది. ఇంకొకామెకి ఇష్టం లేదంతే, కారణం ఏమీ లేదు, అడిగితే నవ్వేసేది. మొదటామెకి "పాపం" అంటే సరిపోతుందేమో, మిగతావాళ్ళకి సరిపోదు.

ఒకటి అడగనా, ఏమీ అనుకోకండి. మీకు పెళ్ళెప్పుడైంది? ఆ వ్యాసాలకి ముందా తర్వాతా?

గుంటూరు_లాయరు:

అక్కా, ఆ టైపిస్టు వాక్యం గురించి మాత్రం నేను ఊరుకోలేను, గ్యాలీప్రూఫు గారు కూడా ఈ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వాలి. "ఇప్పుడు చట్టం మారింది కదా" అన్నారు, అది ఇప్పుడు మారింది కాదు, మీరు రాసేనాటికే మారిపోయి ఉంది. తండ్రి సొంత సంపాదన అయితే, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతురికి 1956 నుంచీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. పిత్రార్జితం సంగతి అంటారా, హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది, ఆ తేదీకి పెళ్ళి కాని కూతురికి కొడుకులాగే పుట్టుకతోనే హక్కు, పంపకాలు అప్పటికే అయిపోయి ఉంటే తప్ప. అంటే చూడండి, ఆ టైపిస్టుగారి అక్కకి అప్పటికే పెళ్ళయిపోయి ఉంటే ఆవిడకి ఆ హక్కు లేదు, పెళ్ళి చేసుకోని ఈవిడకి ఉంది! కోర్టు ఎదురుగానే కూచుని రోజూ ఊళ్ళోవాళ్ళ దస్తావేజులు కొట్టిపెట్టే మనిషికి తన హక్కు ఎవరూ చెప్పలేదన్నమాట. చెప్పాల్సిన వ్యాసం కూడా లేదనే చెప్పింది. పెళ్ళయిన కూతుళ్ళకి కేంద్రం 2005లో ఇచ్చింది, ఆ నాటికి తండ్రి బతికే ఉండాలా అన్న తగాదా 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది. ఇవన్నీ వెయ్యక్కర్లేదు, ఆ వాక్యం పక్కన మాత్రం ఇది నా పొరపాటు అని అదే పేజీలో ఉండాలి, వెనకెక్కడో కాదు. ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు "మాకేం రాదటండీ" అని మొదలుపెడతారు.

ఇంకో సంగతి, పుస్తకంలో ఎక్కడన్నా చోటుంటే పెట్టండి. పెళ్ళి కాని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే ఆమె సంపాదించుకున్న ఫ్లాటు, డబ్బు ముందు తల్లిదండ్రులకి, వాళ్ళు లేకపోతే తండ్రి వారసులకి, అంటే అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ వైపుకి పోతుంది. పాతికేళ్ళు ఒకే ఇంట్లో కలిసి బతికిన స్నేహితురాలికి పైసా రాదు. మీ హాస్టల్ వాళ్ళలో ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు తీసుకుని ఉండిపోయినవాళ్ళు ఉండే ఉంటారు, నాకు అలాంటి కేసు ఒకటి తెలుసు, తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. తెల్లకాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ళ చేత కూడా పెట్టిస్తే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది.

నర్సుల వ్యాసాల్లో "ఉద్యోగమా పెళ్ళా" అని ఎక్కడన్నా రాసి ఉంటే అది కూడా చూసుకోండి, కొన్ని ఉద్యోగాల్లో అది మనసుకి సంబంధించిన ప్రశ్న కాదు, రూలు. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోతుందన్న రూలుని 1981లో సుప్రీంకోర్టు కూడా తప్పు కాదంది. మిలిటరీ నర్సింగులో సెలీనా జాన్ అనే ఆవిడని పెళ్ళి చేసుకుందని 1988లో పంపించేశారు, ఆవిడకి 60 లక్షలు ఇమ్మని కోర్టు చెప్పింది 2024 ఫిబ్రవరిలో. ఎన్నేళ్ళో చూశారా.

మాదాపూర్_పీజీ:

నేను 33, సాఫ్ట్‌వేర్, మాది కరీంనగర్ సైడు. పెద్దలంతా ఉంచండి ఉంచండి అంటున్నరు, నాకైతే తీసెయ్యమనే చెప్పాలనిపిస్తుంది మేడమ్, ఎందుకో చెప్తా. ఈ బుక్కు ఎవరు చదువుతరు? మా అమ్మ చదువుతది. మా అమ్మ సండే బుక్కులన్నీ కుట్టి దాచుకున్న మనిషి, అట్ల చదివి చదివే నన్ను చూసి కండ్ల నీళ్ళు పెట్టుకుంటది. నేను మంచిగ తింట, మంచిగ సంపాదిస్త, నా ఈఎంఐ నేను కట్టుకుంట, అయినా ఫోన్ చేస్తే మొదటి మాట ఏందంటే ఏం తిన్నవ్ బిడ్డా, రెండో మాట పప్పన్నం ఎప్పుడు పెడ్తవ్. ఆమె కోపంతోటి అడగదు, జాలితోటి అడుగుతది, అదే నాకు కష్టం. కోపమైతే తిరిగి కొట్లాడొచ్చు, జాలితోటి ఎట్ల కొట్లాడాలె?

గ్యాలీప్రూఫు అంకుల్ చిన్న టైపుల వెనక వేయమన్నరు, మా అమ్మకు చత్వారం, చిన్న టైపు చదవది.

ఇంకోటి, గవర్నమెంటు కూడా అదే మాట పట్టుకుంది. తెలంగాణల 2017ల ఒంటరి మహిళల పింఛన్ మొదలుపెట్టిర్రు, అప్పుడు నెలకు వెయ్యి, భర్త వదిలేసినోళ్ళతో పాటు ఊర్లల్ల ముప్పై దాటి పెండ్లి కాని ఆడోళ్ళు, పట్నంల ముప్పై అయిదు దాటినోళ్ళు అండ్ల వస్తరు. మా ఊర్ల బీడీలు చేసే ఒకామెకు వచ్చింది, ఆ పైసలు ఆమెకు నిజంగ ఆసరా, నేను కాదంటలేను. కానీ లిస్టుల పేరు చదివేటప్పుడు "ఒంటరి మహిళ" అని గట్టిగ చదువుతరు. ఆమె తన అన్న పిల్లలు ముగ్గురిని పెంచింది, ఒంటరి ఎట్లయితది?

నాకు మీ వ్యాసాలల్ల కావాల్సింది వేరే ఉంది. వాళ్ళు ఎట్ల బతికిర్రు, అది చెప్పండి. ఇల్లు ఎట్ల కిరాయికి దొరికింది, మాకు ఇప్పటికీ సొసైటీలల్ల "ఫ్యామిలీకే ఇస్తం" అంటరు. జ్వరమొస్తే ఎవరు చూసిర్రు? ఆపరేషన్ అయితే కాగితం మీద సంతకం ఎవరు పెట్టిర్రు? ఇది చెప్పే పెద్దమనిషి నాకు ఒక్కరు కూడా లేరు మేడమ్. జాలి పడేవాళ్ళు మస్తుమంది ఉన్నరు.

కాలవగట్టు:

నాలుగు రోజులైంది, క్షమించండి. ఒకరోజు వేటపాలెం వెళ్ళొచ్చాను, తర్వాత ఫోన్లు చేసుకుంటూ కూచున్నాను.

ట్రంక్‌బుకింగ్ గారూ, మీ ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. మీరడిగాక పదకొండింటినీ తేదీల వారీగా పేర్చి చూశాను. నా పెళ్ళి 1990 మే నెలలో. అంతకు ముందు రాసినవి అయిదు, వాటిలో టైపిస్టుదీ ఉంది, నర్సుదీ ఉంది. "పాపం" వాటిల్లో రెండింట్లోనే ఉంది. పెళ్ళి తర్వాత రాసిన ఆరింటిలో ఆరింటా ఉంది. హాస్టల్లో మంచం పక్క మంచం వేసుకుని ఉన్నన్నాళ్ళూ నేను చూసింది వేరు, బయటికొచ్చాక చూసింది వేరు. ఇద్దరు పిల్లలు, అత్తగారు, ఉద్యోగం, తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాసేదాన్ని ఆ వ్యాసాలు. వాళ్ళది తక్కువ బతుకు అని రాసుకుంటే నాది ఎక్కువ బతుకని నాకు నమ్మకం కలిగేదేమో. ఇంతకన్నా సూటిగా చెప్పలేను, ఇది పుస్తకంలో కూడా రాస్తాను.

గ్యాలీప్రూఫు గారూ, "మోడులు" డెస్కు పెట్టిన పేరై ఉండాలని ఎంత కోరుకున్నానో. కాదు, నా చేతిరాతలోనే ఉంది. తోడు దొరకాలని కోరుకుందాం అన్న ఆఖరి పేరాలు మాత్రం రెండు నావి కావు, అచ్చులో చూశాక నా కాపీతో పోలిస్తే తేలింది. ఆ రెండూ తీసేస్తున్నా, తీశానని చెప్పి తీస్తున్నా. మిగతా వాక్యాలు ముట్టుకోను. అయితే మాదాపూర్ అమ్మాయి వాళ్ళమ్మగారి చత్వారం మాట నన్ను వదల్లేదు, అందుకని కొత్తగా రాసేది వెనక వెయ్యడం లేదు, ముందు వేస్తున్నా, అదే టైపులో. ముందు నోటుపుస్తకంలో వాళ్ళ మాటలు, తర్వాత వాటితో నేను చేసిన వ్యాసం. డీటీపీ అబ్బాయి మొత్తం పేజీలు మళ్ళీ కట్టాలి, అయినా పర్లేదండి అన్నాడు.

లాయరు గారూ, మీ పేరా చదివి ఆ టైపిస్టుగారి కోసం వాకబు చేశాను. 2011లో పోయారట. వాటా అడగనే లేదట. ఆ వాక్యం కిందే, అదే పేజీలో, మీరు చెప్పినట్టు రాశాను, రాసి రెండుసార్లు మా అబ్బాయి చేత పైకి చదివించుకున్నాను.

అమ్మా మాదాపూరూ, నువ్వడిగిన వాటికి నోటుపుస్తకాల్లో కొన్ని జవాబులు దొరికాయి. ఇల్లు చాలామందికి హెడ్మిస్ట్రెస్సో, మేట్రనో మాట చెప్తే దొరికింది, ముగ్గురు కలిసి తీసుకుని ఒకళ్ళమ్మగారిని ఊర్నుంచి తెచ్చి పెట్టుకున్నారు, "పెద్దావిడ ఉంది కదా" అని ఓనరు ఒప్పుకున్నాడు. జ్వరాలకి వంతులు వేసుకునేవాళ్ళు, సెలవలు ముందే లెక్కపెట్టుకుని ఎవరికి ఒంట్లో బాగోకపోతే ఎవరు లీవు పెట్టాలో రాసుకున్న కాగితం ఒకటి నా దగ్గరుంది, బ్యాంకు చలానా వెనక రాసింది. ఆపరేషన్ సంతకం గురించి నేను ఎవర్నీ అడగలేదు. ఒక్కరిని కూడా. అందుకే ఫోన్లు మొదలుపెట్టాను, పదకొండు వ్యాసాల్లోని వాళ్ళలో నలుగురు దొరికారు ఇప్పటికి, దొరికినవాళ్ళని అదే అడుగుతున్నాను. బ్యాంకావిడకి గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు పక్క కౌంటరు కొలీగు "చెల్లెలు" అని రాసి సంతకం పెట్టిందట, ఇద్దరి కులాలు వేరు, ఇంటిపేర్లు వేరు, ఎవరూ అడగలేదట.

నర్సుగారు దొరికారు. ఏలూరు దగ్గర ఉంటున్నారు, డెబ్బై రెండు. ఫోన్లో రెండూ చదివి వినిపించాను, ముందు నేను అచ్చేయించింది, తర్వాత ఆవిడ అప్పట్లో చెప్పింది. మొదటిది వింటున్నంతసేపూ ఏమీ మాట్లాడలేదు, నాకు చేతులు వణికాయి. రెండోది చదవగానే "ఆ మాట నేనన్నానా? అంత బాగా చెప్పానా?" అన్నారు. రెండూ వెయ్యమన్నారు, నిద్ర సంగతి ముందు వెయ్యమన్నారు. ఫోన్ పెట్టేసి పది నిమిషాలకి మళ్ళీ చేశారు. "మా అక్క పోయి ఆరేళ్ళయింది, ఆవిడ పిల్లలు నన్నే అమ్మా అంటారు, ఆ వాక్యం చూస్తే మా అమ్మని అన్నావేంటి అనుకుంటారు. 'మా అక్కకి' తీసేసి 'పెళ్ళయినవాళ్ళకి' అని పెట్టు" అన్నారు.

వాక్యాలు మార్చనని పైనే రాశాను. అది ఒక్కటి మార్చాను.